నాలుగో వేలు

హార్ప్ వాయించేవాళ్లకు చిటికెన వేలితో పని లేదు. అది పొట్టిది, తీగదాకా అందదు. బొటనవేలు ఒకటి, చూపుడువేలు రెండు, నడిమి వేలు మూడు, ఉంగరపు వేలు నాలుగు. స్వరాల పక్కన పెన్సిల్‌తో రాసుకునే అంకెలు ఈ నాలుగే. రెండు చేతులకూ కలిపి ఎనిమిది వేళ్లు. మనిషికంటే ఎత్తుగా, నలభై ఏడు తీగలతో నిలబడి ఉండే ఆ వాయిద్యాన్ని ఈ ఎనిమిదింటితోనే పలికించాలి.

మూడేళ్లపాటు నాకు ఏడే ఉన్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నన్ను నమ్మి నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయికి కూడా చెప్పలేదు. అలా చెప్పకపోవడం వల్ల ఆ పిల్ల చేతికి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఇప్పటికీ భయంగానే ఉంది.

మా తాత కాకినాడ దగ్గరి పల్లె నుంచి ఓడెక్కి ఈ ద్వీపానికి వచ్చినవాడు. నాన్న తంజోంగ్ పగార్ రేవులో క్రేన్ నడిపేవాడు. నేను చదివిన బడిలో, సంగీతం గదిలో ఒక మూల, గుడ్డ కప్పిన హార్ప్ ఒకటి ఉండేది. ఎవరో ఇచ్చిపోయింది. వాయించేవాళ్లు లేరు. ఒకరోజు టీచర్ మమ్మల్ని వరసగా నిలబెట్టి చేతులు చాపమంది. అందరికంటే పొడుగు చేతులు నావి. నా ఎంపిక అంతటితో అయిపోయింది. ఇంట్లో చెప్తే నాన్న చూడ్డానికి వచ్చాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి, పైనుంచి కిందిదాకా చూసి, "ఇది వాయిద్యంలా లేదురా, మా క్రేన్‌లా ఉంది. దీన్ని నువ్వు నడుపుతావా, అది నిన్ను నడుపుద్దా?" అన్నాడు. టీచర్‌కి తెలుగు రాదు కాబట్టి ఆయన పొగిడాడనుకుని దణ్ణం పెట్టింది.

స్కాలర్‌షిప్ మీద బయటి దేశం వెళ్లి చదువుకుని వచ్చాను. పాతికేళ్లకు పైగా ఈ ఊళ్లో వాయించాను. ఆర్కెస్ట్రాలో అవసరమైనప్పుడు పిలిచేవారు. పదేళ్లపాటు ఒక హోటల్ లాబీలో మధ్యాహ్నం టీ తాగేవాళ్ల కోసం వాయించాను. పెళ్లిళ్లలో, ఆఫీసు విందుల్లో వాయించాను. వ్యాన్‌లోంచి హార్ప్‌ను దించి, బండి మీద కట్టి, ఎక్కడ ఏ లిఫ్టులో ఎంత వాల్చితే పడుతుందో నా ఒంటికి తెలిసిపోయింది. మిగతా రోజుల్లో మా ఫ్లాట్ ముందు గదిలో పిల్లలకు నేర్పేవాణ్ని.

ఈ వృత్తిలో భయం కొత్తేమీ కాదు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు బోలెడు. హార్ప్ ఒక్కటే. ఒక వయొలిన్ తప్పు వాయిస్తే పక్కవాళ్ల మోత దాన్ని కప్పేస్తుంది. హార్ప్‌వాడు పది నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని లెక్కపెడుతూ కూర్చుని, అందరూ ఆగినప్పుడు ఒక్కడే నాలుగు వరసలు వాయించి, మళ్లీ ఊరుకుంటాడు. ఆ నాలుగు వరసల కోసమే పిలిచారు. అక్కడ తప్పితే హాలంతా వింటుంది. ఆ భయం నాకు అలవాటే. అది మొదటి స్వరం మీటగానే పోతుంది. తరవాత వచ్చింది అలాంటిది కాదు.

అది ఒక రిహార్సల్‌లో మొదలైంది. కింది నుంచి పైకి అల్లుకుంటూ పోయే వరస. ముందు నాలుగు వేళ్లనూ నాలుగు తీగల మీద ఆనించాలి, నాలుగో వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే మీటాలి. మీటిన ప్రతి వేలూ వెంటనే అరచేతిలోకి ముడుచుకోవాలి. ఇది మాకు మొదటి రోజే నేర్పుతారు. ఆ రోజు నా కుడిచేతి నాలుగో వేలు మీటకముందే ముడుచుకుంది. తెరవబోయాను, తెరుచుకోలేదు. మళ్లీ ఆనించబోతే గోరు పక్క తీగకు తగిలి జుయ్యిమంది. ఆర్కెస్ట్రా నడిపే ఆయన తలెత్తి నావైపు చూశాడు.

"తీగ పాడైనట్టుంది. ఈ ఏసీ వల్ల," అన్నాను.

ఎవరూ అనుమానించలేదు. ఈ ఊరి చెమ్మకీ హాళ్లలో ఏసీకీ మధ్య పడి, గొర్రె పేగులతో చేసే ఈ తీగలు తెగిపోతూనే ఉంటాయి. ఇంట్లో భోంచేస్తుంటే ముందు గదిలోంచి టపాకాయ పేలినట్టు వినిపిస్తుంది. వెళ్లి చూస్తే ఒక తీగ వేలాడుతూ ఉంటుంది. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి నా అబద్ధం కూడా అందులో కలిసిపోయింది.

చేతుల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో మెడ పట్టేసిందని చెప్పి వెళ్లాను. ఆయన బల్ల మీద వేళ్లు ఆడించమన్నాడు. అన్నీ చక్కగా ఆడాయి. పెన్ను పట్టుకోమన్నాడు, చొక్కా గుండీ పెట్టుకోమన్నాడు. అన్నీ చేశాను. ఫోన్‌లో తీసిన వీడియో చూపిస్తే అప్పుడు తల ఊపాడు. "డిస్టోనియా అంటారు దీన్ని. మీ వేలికి ఏమీ కాలేదు. దాన్ని నడిపే మెదడు తప్పుగా నేర్చుకుంది. అదీ ఈ ఒక్క పనికే," అన్నాడు. చాలాకాలం వాయించడం ఆపాలి, తరవాత పసిపిల్లాడిలా మొదటి నుంచి నేర్చుకోవాలి, అయినా తిరిగి వస్తుందన్న హామీ లేదు. బయటికొచ్చి రైలెక్కి, పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఐదు వేళ్లూ కడ్డీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నాలుగోది కూడా. దాన్ని చూస్తే నాకు పరాయివాడి వేలిలా అనిపించింది.

నేను ఆపలేదు. కారణం ఒక్కటే, భయం. అప్పటికే నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన హార్ప్ కళాకారిణి ఒకామె చదువు ముగించుకుని ఊరికి తిరిగొచ్చింది. బాగా వాయిస్తుందని అందరూ అనుకుంటున్నారు. ఉన్నది ఒక్క కుర్చీ. ఒక్కసారి ఆమె కూర్చుంటే మళ్లీ నన్నెందుకు పిలుస్తారు? నలభై ఏడేళ్ల వయసులో హార్ప్ వాయించడం తప్ప నాకు చేతనైంది ఏముంది?

అందుకని రబ్బరు తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. నా పుస్తకాలన్నిట్లో కుడిచేతికి రాసుకున్న నాలుగులన్నీ తుడిచేశాను. వాటి చోట మూడు రాశాను. నాలుగో వేలు చేయాల్సిన పని మూడో వేలు చేసి, వెంటనే ఎగిరి పక్క తీగ మీద వాలాలి. కొన్నిచోట్ల ఎడమచేతితో అందుకున్నాను. కొన్నిచోట్ల ఒక స్వరాన్ని వదిలేశాను. నాలుగో వేలు ఎలాగూ ముడుచుకునే ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు అది మీటేసి ముడుచుకున్నట్టే ఉండేది. ఇంతకంటే మంచి ముసుగు దొరకదు. ఒక కచేరీ తరవాత తోటి కళాకారుడొకాయన, "ఈ మధ్య మీ వాయింపులో ఆడంబరం తగ్గింది, పరిణతి వచ్చింది," అన్నాడు. థాంక్స్ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

ఆ అమ్మాయి అంతకు ఏడాది ముందే నా దగ్గర చేరింది. అప్పుడు పదేళ్లది. తల్లి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో పనిచేస్తుంది, సొంతూరు వరంగల్. చిన్నప్పుడు ఏడేళ్లు వీణ నేర్చుకుందట. "మా టీచర్ నోటితో ఏం చెప్పకపోయేది సార్. చెయ్యి చూసి పట్టుకోవాలె, అంతే," అని మొదటి రోజే నాతో చెప్పింది. చెప్పి, చిన్న స్టాండ్ ఒకటి సంచిలోంచి తీసి, ఫోన్ బిగించి, నా కుడిచేతికి ఎదురుగా పెట్టింది. ప్రతి పాఠానికీ అంతే. ఆమె సోఫాలో కూర్చునేది, ఫోన్ నా చేతిని చూస్తూ ఉండేది. ఇంటికెళ్లాక అమ్మాయి ఆ వీడియోను నెమ్మది చేసి, నా వేళ్లు ఎలా కదిలితే తనవీ అలా కదిలేదాకా వాయించేది. బయటి దేశాల్లో నేను చూసిన ఏ శిష్యులూ అలా చేయలేదు. నాకది గర్వంగా ఉండేది. నా చెయ్యిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరున్నారు?

మొదటి ఏడాది ఆమె చూసింది ఎనిమిది వేళ్లను. తరవాత మూడేళ్లు ఏడింటిని.

పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ పిల్లకు హార్ప్ తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. ఒక సంగీత పాఠశాల ఉంది, చిన్న వయసులోనే తీసుకుని తయారుచేస్తారు. ఏటా హార్ప్‌కు ఒకరినే తీసుకుంటారు. ఫిబ్రవరిలో ఆడిషన్. దానికోసం ఈత మానేసింది, స్నేహితుల పుట్టినరోజులు మానేసింది. "ఐ వాంట్ ఓన్లీ దట్ వన్, అంకుల్," అనేది.

ఆ ఏడు విజయదశమి నాడు తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి లిటిల్ ఇండియాలో దిగి పూలు, అరటిపళ్లు కొనుక్కొచ్చింది. హార్ప్ ముందు స్తంభానికి కుంకుమ బొట్టు పెట్టి, మూర మల్లెపూలు చుట్టింది. తరవాత కూతురితో, "ఇయ్యాల ఫస్ట్ లెసన్ వాయించాలె గురువు ముందట. మా టీచర్ ఏటా గట్లనే చేయించేది," అంది.

"మమ్మీ, దట్ వన్ సో బేబీ లా," అంది అమ్మాయి ఈ ఊరి ఇంగ్లీషులో.

"బేబీ అయితే ఏమాయె. నువ్వేమన్న ముసల్దానివైనవా? వాయించు."

అమ్మాయి నవ్వుతూ కూర్చుంది. మొదటి పాఠం చాలా చిన్నది. పక్కపక్కనే ఉన్న నాలుగు తీగలు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. మళ్లీ ఒక తీగ జరిగి నాలుగు, మూడు, రెండు, ఒకటి. పదేళ్లప్పుడు రెండు వారాల్లో ఆమె అది తడుముకోకుండా వాయించింది. నాకు గుర్తుంది, ఎందుకంటే అంత త్వరగా నాలుగో వేలు కుదిరిన పిల్లను నేను అంతకు ముందు చూడలేదు.

మూడో వేలితో మొదటి తీగ మీటింది. అదే వేలు ఎగిరి రెండో తీగ మీద వాలింది. తరవాత రెండు, ఒకటి. మళ్లీ మూడు, మూడు, రెండు, ఒకటి. వినేవాళ్లకు తేడా తెలియదు, అంత నేర్పుగా చేసింది. నాలుగో వేలు అరచేతిలో ముడుచుకుని ఉంది. ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

నా చెయ్యి నా ఒంటిమీద కాక ఎదురుగా, పద్నాలుగేళ్ల పిల్లకు మొలిచినట్టు ఉంది.

"నాలుగో వేలు వాడు," అన్నాను.

ఆమె ఆగి వేలు తెరవబోయింది. సగం తెరుచుకుని మళ్లీ లోపలికి పోయింది. "కెనాట్," అంది మామూలుగా. "యూ ఆల్సో నెవర్ యూజ్ వాట్, అంకుల్. ఐ థాట్ దట్స్ యువర్ స్టైల్."

తల్లి సోఫాలోంచి, "అంత మీలాగనే వాయిస్తది సార్. మా ఆయన కండ్లు మూసుకుని వింటే ఎవరు వాయిస్తున్నరో తెలుస్తలేదంటడు," అంది.

నేను నవ్వాను. అరటిపండు ఇస్తే అందుకున్నాను. ఆశీర్వదించమని అమ్మాయి పాదాలకు వంగితే ఆమె తలమీద కుడిచెయ్యే పెట్టాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు.

తరవాత ఆరు వారాలు నేనెలా గడిపానో చెప్తే, ఇంత పెద్దవాడు ఇంత పిరికివాడా అనుకుంటారు. నిజమే. రోజూ ఆమె చెయ్యి కళ్ల ముందు ఆడేది. రైల్లో ఎదుటి సీట్లో పిల్లల చేతులు చూసేవాణ్ని. ఒకరోజు పాఠం మధ్యలో ఆమె మణికట్టు రుద్దుకుంటూ, "హియర్ గాట్ పెయిన్," అంది. రెండు రోజులు వాయించకు, తగ్గిపోతుంది అన్నాను. అది నేను నాకు చెప్పుకున్న మాటే. మూడేళ్ల కిందట సరిగ్గా ఇలాగే చెప్పుకున్నాను.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, "చూసి నేర్చుకుంటే ఇది ఇంకొకరికి వస్తుందా?" అని అడిగాను.

"ఇదేమీ అంటురోగం కాదు. కానీ ఆ వయసులో చెయ్యి ఏం చేయిస్తే అదే నేర్చుకుంటుంది. అలవాటుగా ఉన్నంతవరకు మాన్పించొచ్చు. ముదిరి మీలాగా అయితే కష్టం. అలవాటా, జబ్బా అనేది చూస్తేగానీ చెప్పలేను. ఎవరా పిల్ల? తీసుకురండి."

ఊరికే అడిగానని చెప్పి వచ్చేశాను.

తీసుకువెళ్లాలంటే తల్లికి చెప్పాలి. తల్లికి చెప్తే అందరికీ తెలుస్తుంది. అందుకని ఇంకో దారి వెతికాను, అది ఇంకా సిగ్గుమాలిన దారి. దిద్దాలని చెప్పి అమ్మాయి పుస్తకాలు తెప్పించుకున్నాను. మళ్లీ అదే భోజనాల బల్ల, అదే రబ్బరు. నా చేత్తో నేను రాసిన మూడులన్నీ తుడిచి నాలుగులు రాస్తున్నాను. ఏమీ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా, తప్పును వెనక్కి తిప్పేద్దామనుకున్నాను.

మా ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. ఆమె మాటలో తమిళం, మలయ్ రెండూ దొర్లుతుంటాయి. పళ్లెం పట్టుకుని వచ్చి, "సరి, ముందు మకాన్ కానివ్వండి, అన్నం చల్లారిపోతోంది. బల్లంతా ఏంటిది?" అంది. రబ్బరు పొట్టును చేత్తో ఒక పక్కకు తోసింది. తోస్తూ తోస్తూ ఆగింది.

"మూడేళ్ల కింద కూడా ఈ బల్ల మీద ఇంత పొట్టు ఊడ్చాను. అప్పుడు మీ పుస్తకాలు. నాలుగులు తుడిచారు. అడగలేదు, మీ పని మీది అనుకున్నా. ఇప్పుడా పిల్ల పుస్తకంలో నాలుగులు రాస్తున్నారు."

"వేళ్లు మారుస్తున్నాను," అన్నాను.

"ఎవరి వేళ్లు?"

ఆమె నా కుడిచెయ్యి పట్టుకుని, ఉంగరపు వేలిని తీసి చూసింది. అది మెత్తగా, చెప్పినట్టు తెరుచుకుంది. ఆమె చేతిలో దానికి ఏ రోగమూ లేదు. "మెడ నొప్పి అన్నారు," అంది. అంతే అంది. పొట్టంతా అరచేతిలోకి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ శనివారం పాఠానికి ఎప్పటిలాగే ఇద్దరూ వచ్చారు. ఫోన్ స్టాండ్ మీద పెట్టారు. అమ్మాయి పుస్తకం తెరిచి చూసింది.

"అంకుల్, యూ చేంజ్డ్ ఎవ్రీథింగ్. వై?"

"ఆడిషన్ చేసేవాళ్లకు ఇలా అయితే ఇష్టం," అన్నాను.

ప్రయత్నించింది. వేలు రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. పది నిమిషాలు అదే వరస. నాలుగో వేలును ఎడమచేత్తో పట్టుకుని లాగి తీగ మీద పెట్టింది. వదలగానే అది లోపలికి పోయింది. పక్క తీగకు గోరు తగిలి జుయ్యిమంది. ఆ మోత నాకు తెలుసు. ఆమె చేతులు ఒళ్లోకి దించేసుకుంది.

"సారీ అంకుల్," అంది. "ఐ ప్రాక్టీస్ సో మచ్. నా చెయ్యి... ఇట్స్ నాట్ ఎ హార్ప్ హ్యాండ్, ఇజ్ ఇట్? యూ టెల్ మీ నౌ ఈజ్ బెటర్."

ఇంట్లో ఎప్పుడూ ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల ఆ రెండు మాటలు తెలుగులో అంది. నా చెయ్యి అంది. తన చెయ్యి మంచిది కాదేమో, ఆ సంగతి ఇప్పుడే చెప్పమంటోంది. నా తప్పును తన చేతికి అంటగట్టుకుని నాకే క్షమాపణ చెబుతోంది. అప్పుడు కూడా నాలో ఒక మూల, ఏదో ఒకటి చెప్పి ఈ పాఠం గట్టెక్కించు అనే గొంతు వినబడుతూనే ఉంది. దాన్ని నేను గెలిచానని చెప్పను. ఆమె కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే నాలుగో వేలు మామూలుగా, అందంగా తెరుచుకుని ఉంది. అది చూసి నాకు మాట తన్నుకొచ్చింది.

"నీ చెయ్యి మంచిదే. పాడైంది నా చెయ్యి. నువ్వు దాన్ని చూసి నేర్చుకున్నావు," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మొత్తం చెప్పాను. రిహార్సల్, డాక్టర్, రబ్బరు, అన్నీ. తెలుగులో మొదలుపెట్టి, ఆమె కోసం మళ్లీ ఇంగ్లీషులో చెప్పాను.

"షో మీ," అంది అమ్మాయి.

ఆమె లేచిన చోట కూర్చుని, హార్ప్‌ను భుజం మీదికి వాల్చుకుని కుడిచెయ్యి తీగల దగ్గర పెట్టాను. వేలు ముడుచుకుంది. మూడేళ్లుగా నేను దాచింది అదే, మొదటిసారి దాన్ని దాచకుండా అలాగే ఉంచాను. ఆమె దగ్గరికి వచ్చి వంగి చూసింది. తన కుడిచేతిని నా చేతి పక్కన తీగలకు ఎదురుగా పెట్టింది. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆమె చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని వెనకాల దాచుకుంది. ఆ కదలికను నేను చచ్చేదాకా మరవను. నన్ను చూసి భయపడింది.

తల్లి లేచి వచ్చి ఫోన్ మీద వేలు పెట్టి రికార్డింగ్ ఆపింది. అప్పటిదాకా అది నడుస్తూనే ఉందని నాకు తట్టలేదు.

"ఎన్నేండ్ల సంది?" అని అడిగింది.

"మూడేళ్లు."

"మరి మాకెందుకు చెప్పలే?"

"భయపడ్డాను. నా పని పోతుందని."

ఆమె ఫోన్‌ను స్టాండ్ నుంచి విప్పింది. "మీరు భయపడ్డరు, సరే. నా పిల్లకు భయం ఉండదనుకున్నరా సార్?" అంది. గొంతు పెంచలేదు. తరవాత ఫోన్‌ను నా వైపు తిప్పి చూపించింది. చిన్న చిన్న చదరాలు, పైనుంచి కిందిదాకా, ప్రతిదాంట్లో నా చెయ్యి. "ఈ వీడియోలన్నీ ఏం చెయ్యాలె ఇప్పుడు? రోజూ ఇవే చూసింది పిల్ల. అన్నం తినుకుంట కూడ ఇవే చూసింది."

డాక్టర్ నంబర్ రాసి ఇచ్చాను. అమ్మాయి చెప్పులు వేసుకుంటూ నావైపు చూడలేదు. మా ఆవిడ గుమ్మందాకా వెళ్లి, లిఫ్ట్ వచ్చేదాకా వాళ్లతోపాటు నిలబడింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

ఆ మర్నాడు, ఏ మనిషికైతే భయపడి ఇదంతా చేశానో ఆ హార్ప్ కళాకారిణికే ఫోన్ చేశాను. అన్నీ చెప్పి, అమ్మాయిని చేర్చుకోమని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకుంది. తన చదువు రోజుల్లో ఒక వేసవంతా తనకూ చెయ్యి మొద్దుబారిందనీ, గురువుకు చెప్పి ఆరు నెలలు ఆపేశాననీ, ఇలాంటిది ఎవరికైనా వస్తుందనీ ఎంతో మామూలుగా చెప్పింది. మూడేళ్లు నేను దేన్ని మరణంలా మోశానో ఆమె దాన్ని జలుబు సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆర్కెస్ట్రాకు కూడా ఉత్తరం రాశాను. ఇప్పుడు ఆ కుర్చీలో ఆమే కూర్చుంటోంది. నా దగ్గర మిగిలిన ఏడుగురు పిల్లల తల్లిదండ్రులను ఒక్కొక్కరినే కలిసి చెప్పాను. నలుగురు మానేశారు. ముగ్గురు ఉన్నారు, వాళ్లకు వాయించి చూపించను, మాటలతోనే చెప్తాను.

ఫిబ్రవరి ఆడిషన్‌కు అమ్మాయి వెళ్లలేదు. డాక్టర్ ఆమెకు జబ్బు ముదరలేదన్నాడు, అలాగని అలవాటేనని తేల్చి చెప్పలేదు. మూడు నెలలు హార్ప్ ముట్టుకోవద్దన్నాడు. తరవాత రోజుకు పది నిమిషాలు, ఒక్క తీగ. ఈ కబుర్లన్నీ కొత్త టీచర్ ద్వారా తెలిసేవి. ఈత మానుకుని, స్నేహితులను మానుకుని కూడబెట్టుకున్న ఏడాదిని ఆ పిల్ల గోడ వైపు చూస్తూ కూర్చుని పోగొట్టుకుంది. నేను ఫోన్ చేయలేదు. చేసే హక్కు లేదనుకున్నాను. అది కూడా భయమేనేమో.

నేనూ రోజూ పది నిమిషాలు కూర్చుంటాను. ఒక్క తీగ, నాలుగో వేలు. ఒక్కోరోజు తెరుచుకుంటుంది. ఎక్కువ రోజులు తెరుచుకోదు.

ఈ ఏడు విజయదశమికి వాళ్లు రాలేదు. వస్తారని నేనూ అనుకోలేదు. అయినా ముందు గది తుడిచి పెట్టాను. హార్ప్ స్తంభం మీద కిందటేటి కుంకుమ మరక చెక్క గీతల్లోకి ఇంకి ఉంది, దాన్ని తుడవలేదు. మధ్యాహ్నం మేం భోజనానికి కూర్చుంటుండగా ఫోన్ మోగి ఆగింది. తల్లి పంపిన వీడియో. మాటలేమీ లేవు. తీగలకు ఎదురుగా ఒక కుడిచెయ్యి, మణికట్టు వరకే. ముఖం కనిపించదు. ఏడాదిలో చెయ్యి కాస్త పెద్దదైంది.

మొదటి పాఠం. నాలుగు, మూడు, రెండు, ఒకటి. చాలా నెమ్మదిగా.

కుర్చీ అంచున కూర్చుని ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. వీడియోను ఇంకా నెమ్మది చేశాను. నాలుగో వేలు బయటికి వచ్చింది, తీగ మీద ఆనింది, మీటింది, లోపలికి పోయింది, మళ్లీ వచ్చింది. ఒక్కొక్కటే లెక్కపెట్టాను. ఏడుసార్లు వచ్చింది. ఎనిమిదోసారి రాలేదు. చెయ్యి అక్కడే గాలిలో ఆగింది, ఎవరూ తొందరపెట్టలేదు. కొంతసేపటికి వేలు కొద్దికొద్దిగా విచ్చుకుని తీగ మీదికి వచ్చింది. అక్కడితో వీడియో అయిపోయింది.

మా ఆవిడ నా భుజం మీదుగా చూస్తోంది. "ఫిబ్రవరికి కుదురుతుందంటారా?" అంది.

"తెలీదు."

అన్నం చల్లారిపోతోందని ఆమె అనలేదు. నేను వీడియోను వెనక్కి తిప్పి, ఎనిమిదోసారి దగ్గర మళ్లీ పెట్టాను.